నిరుటి కాడ, ఈయేటి కాడ: రాస్ప్‌బెర్రీ కత్తిరింపుల్లో నా అనుభవం

రాస్ప్‌బెర్రీ కాడలు ఎలా కత్తిరించాలి అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీ పొద నడివేసవిలో కాస్తుందా, చలి మొదలయ్యే ముందు కాస్తుందా? ఈ సంగతి తేలకుండా కత్తెర పెడితే ఒక ఏడాది పంటకు నీళ్లొదులుకోవాల్సి రావచ్చు.

మాకు ఈ పొదలు ఇంటితో పాటే వచ్చాయి. కంచె వారగా పొడవాటి సాలు, ఎన్నేళ్లుగానో ఎవరూ చెయ్యి పెట్టనిది. మేము దిగింది చలికాలం చివర్లో కాబట్టి ఆకు అన్నది లేదు. నిలబడ్డవి, వంగినవి, విరిగి పక్కదాని మీద ఒరిగినవి, అన్నీ ముళ్లే. మా ఆయన ఒకసారి అటూ ఇటూ తిరిగి చూసి, "మొత్తం నేలమట్టం చేసేద్దాం, వేరుంటే అదే వస్తుంది" అన్నారు. కొన్ని రకాలకు అది సరైన వైద్యమే. మాది ఆ రకమో కాదో తెలియదు, అక్కడే టెన్షన్.

రాస్ప్‌బెర్రీ వేరు ఏళ్ల తరబడి బతుకుతుంది. దాని నుంచి లేచే కాడకు మాత్రం ఆయుష్షు రెండేళ్లే. మొదటి ఏడు పచ్చగా, నిటారుగా, కొమ్మలు వెయ్యకుండా పెరుగుతుంది. ఆకు రాల్చి చలిలో నిద్రపోతుంది. రెండో ఏడు కణుపు కణుపునా పక్కకొమ్మలు వేసి, పూసి, కాసి, అక్కడితో ఎండిపోతుంది. ఈలోగా అదే వేరు నుంచి మరుసటి ఏటి కాడలు లేస్తూనే ఉంటాయి. అంటే వేసవిలో ఎప్పుడు చూసినా పొదలో రెండు తరాలు కలిసి ఉంటాయి: కాస్తున్న నిరుటి కాడలు, పెరుగుతున్న ఈయేటి కాడలు. వేసవి రకాలు రెండో ఏడే కాస్తాయి. ఆకురాలు కాలం రకాలు పుట్టిన ఏడే, చలి మొదలయ్యే ముందు, కాడ కొనల్లో కాసేస్తాయి. ఆ కాడను అలాగే వదిలేస్తే మరుసటి వేసవిలో దాని కింది భాగం ఇంకో కాపు ఇస్తుంది.

వేసవి రకాన్ని చలికాలంలో నేలమట్టం చేస్తే వేరుకేమీ కాదు. వసంతంలో కొత్త కాడలు బ్రహ్మాండంగా లేస్తాయి. కాకపోతే ఆ ఏడు ఒక్క పండు కూడా ఉండదు, ఎందుకంటే ఆ వేసవికి కాయాల్సిన పూమొగ్గలు అంతకు ముందు పొద్దు తగ్గుతూ చలి మొదలైనప్పుడే కాడ కణుపుల్లో రూపు కట్టి కూర్చుంటాయి. మనం కోసి పారేసేది వాటినే.

మరి ఆకుల్లేని పొదను చూసి రకం ఎలా పోల్చుకోవాలి? ఏడాది పాటు ఏమీ చెయ్యకుండా ఊరుకుని, ఎప్పుడు కాస్తుందో చూడటం ఒక పద్ధతి. భద్రమైనదే. నాకు అంత ఓపిక లేదు. నేను ఎండు కాపు జాడలు వెతికాను. పండు కోసినా, పిట్టలు తిన్నా, కాడ మీద దాని గుర్తు మిగులుతుంది: ఐదు ఎండు పత్రాలు వెనక్కి విచ్చుకుని, మధ్యలో పండుని మోసిన బొడిపె గట్టిపడి ఉంటుంది. రాస్ప్‌బెర్రీ కోసినప్పుడు ఆ బొడిపె మొక్క మీదే ఉండిపోతుంది, అందుకే పండు లోపల బోలుగా ఉంటుంది. బ్లాక్‌బెర్రీలో ఆ బొడిపె పండుతో పాటే ఊడి వస్తుంది. ఆ ఎండు బొడిపెలు ఎక్కడున్నాయన్నదే కీలకం. కాడ కొనలో ఒక అడుగు మేర మాత్రమే ఉండి, కింద కొమ్మలేమీ లేకుండా, మొగ్గలు పచ్చిగా ఉంటే అది ఆకురాలు కాలం రకం. కొన నుంచి నడుము దాకా పక్కకొమ్మలు ఉండి, వాటి చివర్లలో బొడిపెలుండి, కాడ మొత్తం ఎండిపోయి ఉంటే, దాని పక్కనే కొమ్మలూ బొడిపెలూ లేని నున్నటి కాడలుంటే అది వేసవి రకం.

మాది రెండోదే. నేలమట్టం చేసే ప్రతిపాదన అక్కడితో ఆగింది.

పని ఎండినవాటితో మొదలుపెట్టాను. చచ్చిన కాడలు బూడిద రంగులో ఉంటాయి, బెరడు పొరలు పొరలుగా లేచిపోతుంది. బతికినవి ఎర్రగానో గోధుమరంగులోనో ఉండి, బెరడు బిగుతుగా ఉంటుంది. అయినా కొన్ని చోట్ల అనుమానం వస్తుంది. అప్పుడు గోటితో బెరడు కాస్త గీకి చూడాలి. కింద ఆకుపచ్చ పొర కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు, గోధుమరంగు పొడి రాలితే లేనట్టు. మొదట్లో ప్రతి కాడనూ గీకాను. కొంతసేపటికి చెయ్యి పెట్టి వంచితేనే తెలిసిపోయింది. బతికింది వంగుతుంది, చచ్చింది పుటుక్కున విరుగుతుంది.

కోత ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. నేలకు ఆనించి కొయ్యాలి. నాలుగైదు అంగుళాల మోడు వదిలితే ఆ మోడు పనికొచ్చే కొమ్మ వెయ్యకపోగా, తెగుళ్లకూ పురుగులకూ ఇల్లవుతుంది. నేలకు ఆనించి కొయ్యాలంటే మోకాళ్ల మీద కూర్చుని, ముళ్ల మధ్యకు చెయ్యి దూర్చాలి. దానికి చిన్న కత్తెర కంటే పొడవు పిడి కత్తెర మేలు. రెండు అంచులు ఒకదాని పక్కగా ఒకటి జారే బైపాస్ కత్తెరైతే కోత నున్నగా వస్తుంది. దిమ్మ మీద అంచు వాలే రకం బతికిన కాడను నలిపేస్తుంది, ఎండిన కాడకైతే పర్వాలేదు. చేతికి తోలు గ్లవ్స్, మోచేతుల దాకా వచ్చేవి. రాస్ప్‌బెర్రీ ముల్లు గులాబీ ముల్లంత పెద్దది కాదు, సన్నగా నూగులా ఉంటుంది. అదే చికాకు. అల్లిన స్వెట్టర్ వేసుకుని ఈ పనికి పోతే ఆ స్వెట్టర్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

కోసిన కాడను కింద పట్టుకుని బయటికి లాగకూడదు. దాని పక్కకొమ్మలు పక్కనున్న బతికిన కాడల మొగ్గల్ని గీరేస్తాయి. మొగ్గ రాలిన కణుపు ఆ ఏడు సరిగ్గా కాయదు. పైనుంచి ముక్కలు ముక్కలుగా కోసుకుంటూ దిగడమే నాకు తేలికైంది. ముక్కలన్నీ పెరటి నుంచి బయటికి పంపేశాను. చీడలు ఆ ఎండు కాడల్లోనే చలికాలం గడుపుతాయి కాబట్టి వాటిని సాలు పక్కన కుప్పపోసి ఉంచడం దండగ.

ఎండినవి పోయాక సాలు సగానికి సగం ఖాళీ అయింది. మా ఆయన పని అయిపోయిందనుకుని కత్తెర కడగబోయారు. అసలు పని అప్పుడే మొదలైందని నేనన్నాను. బతికినవాటిని కొయ్యాలి.

ఇది చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. మా నాన్న కూడా నమ్మలేదు. ఆయన ఆ రోజుల్లో మా దగ్గరే ఉన్నారు. వెనక నిలబడి కొంతసేపు చూశారు. కత్తెర వేలంత లావు కాడ మీద పడేసరికి ఆగలేకపోయారు.

"ఏంటమ్మా, పచ్చివి కూడా కొట్టేస్తున్నావు?"

"పలచన చెయ్యాలి నాన్నా. ఇన్ని ఉంటే ఏదీ సరిగ్గా కాయదు."

"కాసేదాన్ని కోస్తే కాపు పెరుగుతుందా?"

జీవితమంతా అరటి పండించిన మనిషికి ఇది విడమరచి చెప్పాలా అనిపించింది. గెల దించాక తల్లి చెట్టు నరికేసి, చుట్టూ లేచిన పిలకల్లో బలమైనదాన్ని ఉంచి మిగతావి తవ్వి పారేసేవారు ఆయన. ఇదీ అంతే అన్నాను. ఒక్క క్షణం ఆగి, "అయితే ఇందాకట్నుంచీ తప్పుడు దాన్ని ఉంచుతున్నావు. నువ్వు పక్కకు తప్పుకో" అని తనే వంగారు.

ఆయన ఎంపిక చేసే తీరు చూడాల్సిందే. కాడను మొదట్లో పట్టుకుని మెల్లగా ఊపేవారు. మొదలు కదిలితే అది పోయినట్టే, ఎంత లావుగా ఉన్నా సరే. వేరు మొదట్లో తొలిచే పురుగు ఉంటే కాడ అక్కడే విరిగిపోతుందని తర్వాత నేను చదివాను, ఆయన చదవకుండానే ఊపి చూశారు. తర్వాత మొగ్గల చుట్టూ చూడాలి. కణుపు దగ్గర ఊదా-గోధుమ రంగు మచ్చ పాకి ఉంటే అది బూజు తెగులు, ఆ మొగ్గలు వసంతంలో నీరసంగా వస్తాయి. బెరడు మీద బూడిద రంగు గుంటల్లాంటి మచ్చలుంటే ఇంకో తెగులు. ఇలాంటివి ముందు తీసెయ్యాలి. తర్వాత పెన్సిల్ కంటే సన్నవి. ఆ తర్వాత, ఒకదాన్నొకటి రాసుకుంటున్నవాటిలో సన్నది. చివరికి అడుగు సాలుకి నాలుగైదు కాడలు మిగలాలి. అంతకంటే ఎక్కువ ఉంచాలని చెయ్యి లాగుతూనే ఉంటుంది. పూర్తయ్యాక చూస్తే సాలు బోడిగా, పాపం అనిపించేలా ఉంటుంది. అలా ఉంటేనే సరిగ్గా చేసినట్టు.

కారణం వెలుతురు. ఒత్తుగా ఉన్న సాలులో కింది మొగ్గలకు ఎండ తగలదు. పక్కకొమ్మలు పైన మాత్రమే వస్తాయి, పండ్లు కొన దగ్గర గుత్తులుగా ఉండి కింద ఏమీ ఉండదు. గాలి ఆడదు, వాన పడ్డాక ఆకులు ఆరవు, పండు మీద బూడిద బూజు పడుతుంది. వేరు సమకూర్చే బలాన్ని నాలుగు కాడలకు పంచినా పదికి పంచినా మొత్తం పండ్ల బరువులో పెద్ద తేడా ఉండకపోవచ్చు, పండు పరిమాణంలో మాత్రం కచ్చితంగా ఉంటుంది.

సాలు వెడల్పు ఇంకో గొడవ. ఈ మొక్క వేర్ల మీదే మొగ్గలు వేసుకుని ఎక్కడపడితే అక్కడ పిలకలు లేపుతుంది. మా సాలు ఒకవైపు గడ్డిలోకి, ఇంకోవైపు కంచె అవతలికి నడిచిపోయింది. నేల దగ్గర ఒకటి, ఒకటిన్నర అడుగుల వెడల్పు మించనివ్వకూడదు. దాని బయట ఉన్నదాన్ని ఎంత ముచ్చటగా ఉన్నా పార పెట్టి వేరుతో సహా తియ్యాలి. పైపైన కోస్తే రెట్టింపు వస్తాయి. కంచె అవతలి పిలకల విషయంలో పక్కింటావిడ ఎంతో మంచిది కాబట్టి సరిపోయింది.

కొనలు కత్తిరించడానికి నేను కొంచెం ఆగాను. కాడ ఎంత దాకా చలికి మాడిందో మొగ్గలు ఉబ్బేదాకా తెలియదు. మొగ్గ ఉబ్బితే మాడిన కొన తనంతట తనే బయటపడుతుంది, అక్కడికి కోస్తే చాలు. మాడకుండా మరీ పొడుగు పెరిగినవాటిని అయిదడుగుల దగ్గర కోశాను. ఏ కాడలోనూ పావు వంతుకు మించి తియ్యకూడదు. ఎక్కువ పండ్లు ఇచ్చే మొగ్గలు పై సగంలోనే ఉంటాయి, కాబట్టి అందం కోసం అన్నింటినీ ఒకే ఎత్తుకి కోసేస్తే నష్టం మనకే.

ఆసరా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు చివర్లా గట్టి గుంజలు, రెండున్నర అడుగుల ఎత్తులో ఒక తీగె, అయిదడుగుల దగ్గర ఇంకో తీగె, కాడలను వదులుగా కట్టడం. గుంజలు కదిలితే తీగె సాగిపోతుంది, మళ్లీ బిగించుకోవాలి. ఈ పని మా ఆయనది. ఆయన ఇప్పటికీ దాని గురించి నాకంటే ఎక్కువ మాట్లాడతారు.

ఎరువు వసంతం తొలి రోజుల్లో ఒకసారి వేస్తే చాలు. బాగా మాగిన కంపోస్టు పరిచి, పైన రెండు మూడు అంగుళాల మందాన చెక్క పొట్టు వేశాను. మరీ మందంగా వేస్తే కొత్త కాడలు పైకి రావడానికి ఇబ్బంది పడతాయి. నత్రజని ఎక్కువైతే కాడలు పొడుగ్గా, మెత్తగా పెరిగి వాలిపోతాయి. వేసవి ఆఖర్లో వేస్తే ఇంకా ప్రమాదం, చలి వచ్చేనాటికి కాడ ముదరదు, లేతగా ఉండి మాడిపోతుంది. నీళ్లు వారానికి ఒకటి, ఒకటిన్నర అంగుళాల వానకు సమానంగా అందాలి, ముఖ్యంగా కాయ ఉబ్బేటప్పుడు. వేర్లు ఎక్కువగా పై అడుగులోనే ఉంటాయి కాబట్టి ఎండ ముదిరితే త్వరగా దాహం వేస్తుంది. అలాగని నీళ్లు నిలిస్తే అసలే సహించదు. నీళ్లు నిలిచే నేలలో వేరు కుళ్లు వచ్చిందంటే మొక్క దక్కడం కష్టం. నేల కాస్త ఆమ్లంగా, పీహెచ్ 5.6 నుంచి 6.5 మధ్య ఉంటే ఇష్టం. సున్నం ఎక్కువున్న నేలలో లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపు తిరుగుతాయి.

పూత వచ్చాక తేనెటీగలు రోజంతా అక్కడే. రాస్ప్‌బెర్రీ అంటే ఒక పండు కాదు, వంద దాకా చిన్న చిన్న పండ్ల గుత్తి. ప్రతి గుళికా విడిగా ఫలదీకరణ చెందాలి. సగం గుళికలే కడితే పండు పట్టుకోగానే పొడి అయిపోతుంది. అందుకే పూత మీద ఏ మందూ కొట్టను.

ఆ వేసవి మొదట్లోనే ఒక దెబ్బ తగిలింది. ఆరోగ్యంగా పెరుగుతున్న ఈయేటి కాడల్లో కొన్నింటి కొన ఉన్నట్టుండి వాడి తలవాల్చింది. నీళ్లు చాలలేదేమో అనిపించింది గానీ, పక్క కాడ నిక్షేపంగా ఉంది. వాడిన చోటికి కొంచెం కింద, కాడ చుట్టూ రెండు సన్నటి ఉంగరాలు చెక్కి ఉన్నాయి, మధ్య దూరం అరంగుళం. కొలిచి గీసినంత శుభ్రంగా ఉన్నాయి. కేన్ బోరర్ అనే పెంకు పురుగు పని అది. సన్నగా, నల్లగా ఉండి మెడ దగ్గర నారింజ రంగులో ఉంటుంది. ఆ రెండు ఉంగరాల మధ్య గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు పొదిగి కాడ లోపల తొలుచుకుంటూ కిందికి దిగుతుంది, వదిలేస్తే మొదలు దాకా పోతుంది. విరుగుడు తేలిక: కింది ఉంగరానికి ఒక జానెడు కింద కోసి, ముక్కను నాశనం చెయ్యాలి. కోసిన చోట కాడ మధ్యలో సొరంగం కనిపిస్తే ఇంకా కిందికి కొయ్యాలి, తెల్లటి బెండు నిండుగా కనిపించే దాకా. నేను కోసినవాటిలో ఒకదానికి మూడు సార్లు కొయ్యాల్సి వచ్చింది.

పండు కోతలో చెప్పుకోవాల్సింది ఒక్కటే, పండు అడిగితే రావాలి. కొంచెం లాగినా రాకపోతే ఇంకా టైముంది. కోశాక పండదు. రెండు రోజులకోసారి కొయ్యాల్సిందే. వానలో తడిసినవి కోసి పెట్టెలో వేస్తే మర్నాటికి బూజు. కడగడం తినే ముందే. ఎండ బాగా కాసిన రోజుల్లో కొన్ని గుళికలు తెల్లగా ఉండిపోతాయి, అది రోగం కాదు, రుచిలో కొంచెం తక్కువంతే. చుక్కల రెక్కల డ్రోసోఫిలా అనే ఈగతోనే అసలు బాధ. మామూలు పండ్ల ఈగలు కుళ్లిన వాటి మీద వాలతాయి. ఇది పండుతున్న నిక్షేపమైన కాయను రంపపు అంచుతో కోసి లోపల గుడ్లు పెడుతుంది. ఆసియా నుంచి వచ్చి 2008లో అమెరికాలోనూ యూరప్‌లోనూ బయటపడిందట. పండును మరీ మాగనివ్వకుండా వెంటవెంటనే కోసెయ్యడం, కోసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడం, రాలినవి ఏరెయ్యడం, నేను చేసేది ఇంతే. వేసవి కాపు దీనికి కొంచెం ముందే అయిపోతుంది కాబట్టి ఆలస్యంగా కాసే రకాలకే ఎక్కువ దెబ్బ.

కాపు అయిపోయిన వెంటనే రెండో కత్తిరింపు. దీన్ని చలికాలం దాకా ఆపమని చెప్పేవాళ్లున్నారు, ఎండిపోతున్న కాడ తన సారాన్ని వేరుకు తిరిగిచ్చే దాకా ఆగాలని వాళ్ల వాదన. వాళ్ల మాటలో పస లేకపోలేదు. తెగుళ్లు లేని పొదకు అలా చేసినా నష్టం లేదు. నేను మాత్రం కాపు అవ్వగానే కోసేస్తాను. ఒకటి, రోగం ఉన్న కాడ ఆ కొత్తవాటి పక్కన అన్నాళ్లుంటే అంటిస్తుంది. రెండు, కొత్త కాడలకు వేసవి ఎండ మిగిలున్నదంతా కావాలి, మరుసటి ఏటి మొగ్గలు కట్టడానికి బలం కూడేది ఆ కాలంలోనే. మూడోది స్వార్థం: ఆ సమయంలో పోల్చుకోవడం పిల్లలకు కూడా చేతనవుతుంది. నిరుటి కాడ గోధుమరంగు, పైన ఖాళీ బొడిపెలు, ఆకులు పసుపు. ఈయేటిది పచ్చగా, నున్నగా, కొమ్మ లేకుండా ఉంటుంది, ఆకు తిప్పితే అడుగున తెలుపు. గోటితో గీకే పనే లేదు.

అప్పుడే కొత్త కాడల్లో మరీ పీలవి, సాలు తప్పినవి కొన్ని తీసేస్తాను. పూర్తిగా పలచన చెయ్యను. చలికి ఎన్ని పోతాయో చూశాక చివరి లెక్క చలికాలం ఆఖర్లోనే. కొనలు కూడా వేసవిలో ముట్టుకోను, ఎర్ర రకాలకు అది పనికిరాదు. నల్ల రాస్ప్‌బెర్రీ దీనికి పూర్తిగా తిరకాసు. అది వేర్ల నుంచి పిలకలు లేపదు, కాడ వంగి కొన నేల తాకితే అక్కడ వేళ్లూనుతుంది. దాని కొనను వేసవిలోనే, రెండు, రెండున్నర అడుగుల దగ్గర గిల్లాలి, అప్పుడు పక్కకొమ్మలు వేస్తుంది. ఆ కొమ్మలను చలికాలం చివర అడుగు దాకా కుదించాలి. ఒకే కత్తెర, ఒకే పద్ధతి అని అన్నింటికీ చేసేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి.

తర్వాత తోటలో ఇంకో చోట హెరిటేజ్ రకం కూడా వేశాం. న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా పరిశోధన కేంద్రం నుంచి 1969లో వచ్చిన రకం, ఆకురాలు కాలానికి కాస్తుంది. దీని కత్తిరింపు చూస్తే నవ్వొస్తుంది. చలికాలం చివర్లో, మొగ్గలు కదలక ముందే, అన్నింటినీ నేలకు ఆనించి కోసెయ్యడమే. ఏది నిరుటిది, ఏది ఈయేటిది అన్న తర్జనభర్జన లేదు. మా ఆయన మొదటి రోజు చెప్పిన వైద్యం ఇక్కడ అక్షరాలా సరిపోయింది, ఆ మాట ఆయన గుర్తు చేస్తూనే ఉంటారు. ఆకు రాలగానే తొందరపడి కొయ్యకపోవడమే నయం, కాడలోని సారం వేరుకు చేరనివ్వాలి. కాసిన కొనలు మాత్రం తీసేసి కింది భాగాన్ని ఉంచితే వేసవిలో ఇంకో కాపు వస్తుంది. చేసి చూశాను. రెండుసార్లు కాసింది నిజమే, కానీ వేసవి కాపుకి బలం పోయి ఆకురాలు కాలం కాపు ఆలస్యమై, తగ్గింది. పైగా మళ్లీ పాత తర్జనభర్జన. వేసవికి వేరే సాలు ఉన్నప్పుడు ఆ తంటా అక్కర్లేదని మానేశాను. ఒక్క సాలుకే చోటుండి, ఎక్కువ శ్రమ వద్దనుకునేవాళ్లకు ఈ రకమే చెబుతాను, ఈగ బెడద ఉన్నా సరే.

పాత సాలు తూర్పు చివర మాత్రం తేడాగా ఉంది. పండు పొడిపొడిగా రాలిపోతోంది. ఒక ఏడు అలా అయితే పూత సమయంలో వానలు పడి తేనెటీగలు రాలేదనుకోవచ్చు. అవే కాడల దగ్గర, ఏటేటా అదే తీరు, మిగతా సాలు మామూలుగా ఉంటే మాత్రం వైరస్ అని అనుమానించాలి. వైరస్‌ను బట్టి పుప్పొడి ద్వారానో, నేలలోని నులిపురుగుల ద్వారానో, పేనుబంక ద్వారానో పాకుతుంది, మందు లేదు. ఈలోగా ఒక స్నేహితురాలు "అక్కా, ఎలాగూ తవ్వి పారేస్తున్నావు కదా, నాలుగు పిలకలివ్వవూ" అని అడిగింది. ఇవ్వలేదు. పైకి పచ్చగా కనిపించే పిలకలోనూ ఆ వైరస్ ఉంటుంది, వేరు ఒకటే కదా. తెగులు లేదని ధ్రువీకరించిన నర్సరీ మొక్కలే కొనుక్కోమన్నాను. కాస్త నొచ్చుకుంది.

ఆ చివరను ఈ చలికాలం వేర్లతో సహా తీసేస్తున్నాం. అక్కడే మళ్లీ రాస్ప్‌బెర్రీ వెయ్యను. కొత్త మొక్కలకు వేరే చోటు చూడాలి. టమాటా, బంగాళాదుంప, వంకాయ, మిరప పెరిగిన మడులు కుదరవు, వాటి వడలు తెగులు నేలలో ఏళ్ల తరబడి ఉండి రాస్ప్‌బెర్రీకి కూడా సోకుతుంది, కనీసం మూడు నాలుగేళ్లు ఆగాలి. ఇన్నాళ్లూ ఏ మడిలో ఏం వేశామో మా ఆయన ఒక నోట్‌బుక్‌లో రాస్తూ వచ్చారు, అది ఇప్పుడు పనికొచ్చింది. గట్టు మీద చిక్కుళ్లు వేసిన మడి ఖాళీగా ఉంది, నీళ్లు నిలవవు. మొక్కలు రెండడుగుల దూరంలో, వేర్ల మీద రెండంగుళాల మట్టి మించకుండా నాటుతాం.